యోగవిద్యకై విదేశమునకు బోవుటకు ముందు

(అమలాపురమున నొక పఠనమందిరమందు న్యాయవాది యొకరు చేసిన యుపన్యాసము)



నాకు నేడు నిర్ణయింపబడిన విషయము యోగవిద్య. యోగమహిమను వర్ణించుటకు నేను యోగిని గాను. న్యాయస్థానమున కాగితములు చదువుట నా వృత్తి. కావున కాగితములు చదువువాడు చెప్పదగినంత మట్టుకే చెప్పెదను. విదేశమున నొక నెల నివాసముండి యోగోపాధ్యాయ శిక్షణ పొందగోరు మన యువతీయువకులు ఏ శిక్షణాలయమును, ఏ గురువును, ఏ షరతులమీద నెన్నుకొనవలెను? ఇదియే నేటి ప్రశ్న. ఇది చిన్న ప్రశ్న యని తలపకుడు. ఫీజు, విమానపు ఖర్చు, వీసా, బస, తిండి అన్నియు కలసి లక్షల రూపాయల మాట. మన కోనసీమలో మధ్యతరగతి గృహస్థు ఇంట నంత సొమ్ము మూలుగుచుండదు. కొబ్బరితోటమీద అప్పు పుట్టవలెను; లేదా ఇల్లాలి మెడలోని బంగారము తాకట్టు దుకాణమునకు నడువవలెను. తోటలో ఒక్కొక్క కాయను చెవియొద్ద నూపి నీటి చప్పుడు విని కాని బేరమాడని మనము, ఒక రంగుల ప్రకటనను జూచి తోటనే కుదువబెట్టుట న్యాయమా?

యోగము మన సీమకు క్రొత్తగా వచ్చిన సరకు గాదు. ముమ్మిడివరమున బాలయోగి బాల్యముననే తపస్సునకు కూర్చుండి, 1985లో దేహము చాలించువరకు ఏటేట మహాశివరాత్రినాడు దర్శనమిచ్చుచుండగా నలుదిక్కులనుండియు జనులు తరలివచ్చిన సంగతి ఇచటి పెద్దలలో పలువురు కన్నులార చూచినదే. ద్రాక్షారామమునకు చేరువనున్న ఆదివారపుపేటలో 1935లో చేనేతవారి యింట పుట్టిన శివబాలయోగి 1949 ఆగస్టు 7వ తేదీని తపస్సు నారంభించి 1961 ఆగస్టు 7వ తేదీని ముగించెను. అనగా పండ్రెండేండ్లు. ఆయన తరువాతి కాలమున ఇంగ్లండు, అమెరికా దేశములకు బోయి అచటివారికి ధ్యానము నేర్పెను. మన గౌతమీతీరపు నేతగాని బిడ్డ పండ్రెండేండ్లు కూర్చుండి నేర్చినది విదేశమున పంచిపెట్టగా, నేడు మన బిడ్డలు ఇరువదియెనిమిది దినములలో నేర్చుటకు విదేశమునకు బోవుచున్నారు. ఇందు వింత లేకపోలేదు. కాని వింత యని నవ్వి యూరకుండుట వివేకము గాదు. ఏల బోవుచున్నారో విచారింపవలెను.

ముందుగా ఈ నెలదినముల శిక్షణ యెక్కడ పుట్టినదో తెలిసికొందము. మన దేశమున గురువునొద్ద నివసించి విద్య నేర్చుట అనాదిగా నున్నది. కోనసీమ అగ్రహారములందు వేదాధ్యయనము చేసినవారు గురువుగారి యింట ఎనిమిదేండ్లు, పదేండ్లు గడపిరి. ఆధునిక పద్ధతిని యోగము నేర్పు సంస్థలును మన దేశముననే మొదట వెలసినవి. బొంబాయిలో యోగేంద్రులవారి సంస్థ 1918లోను, లోనావళాలో కువలయానందస్వామి కైవల్యధామము 1924లోను స్థాపింపబడినవి. 1933లో మైసూరు మహారాజు ప్రాపున కృష్ణమాచార్యులవారు నడపిన యోగశాలనుండి అయ్యంగారును, పట్టాభి జోయిసును, రష్యాసామ్రాజ్యమున పుట్టిన ఇంద్రాదేవియు వెలువడి యీ విద్యను ఖండాంతరములకు గొనిపోయిరి. ఇక విదేశమున నివాసశిక్షణ మాటకు వత్తము. ఋషీకేశమున శివానందస్వామికి శిష్యుడును, కేరళీయుడును అగు విష్ణుదేవానందస్వామి 1957లో అమెరికా చేరి, కెనడాలో ఆశ్రమము నెలకొల్పి, 1969లో ఉపాధ్యాయ శిక్షణ తరగతుల నారంభించెను. కాబట్టి విదేశ శిక్షణ యనగానే పరాయివారి విద్య యని ముఖము చిట్లించుటయు తగదు. విదేశము గనుక మేలైన దనుకొనుటయు తగదు. మన చెట్టు కాయయే పరాయి సంతలో అమ్ముచున్నారు. కాయ యెట్టిదో చూడవలెను.

ఇప్పు డా సంతలో చెల్లు నాణెము 'రెండువందల గంటల సర్టిఫికెట్'. దీనికి పేరుమోసిన ముద్ర వేయునది 1999లో అమెరికాలో ఏర్పడిన యోగా అలయన్స్ అను సంఘము. ఇది ప్రభుత్వశాఖ గాదు, విశ్వవిద్యాలయము గాదు. ఇది యొక పట్టిక. రుసుము చెల్లించి, తన పాఠ్యప్రణాళిక నిర్ణీత ప్రమాణములకు సరిపోవుచున్నదని చూపిన పాఠశాల అందు చేరును. అట్టి పాఠశాలలో చదివినవాడు తానును రుసుము చెల్లించి పేరు నమోదు చేసికొనవచ్చును. అది లేనిదే యోగము నేర్పరాదని అమెరికాలో చట్టము లేదు. ఆ ముద్ర నిరర్థక మని నేననుట లేదు. పలు దేశములలో యోగశాలల యజమానులు దానిని గుర్తింతురు. కాని 'అంతర్జాతీయ ప్రభుత్వ గుర్తింపు' అని ఏజెంటు చెప్పినచో, అతడు తెలియక చెప్పుచున్నాడు, లేదా తెలిసియే చెప్పుచున్నాడు. రెండు విధములను అతనిని నమ్మరాదు.

మన ప్రభుత్వపు ఆయుష్ మంత్రిత్వశాఖ క్రింద యోగ ధ్రువీకరణ మండలి గలదు. అందు మెట్టుమెట్టుగ పరీక్షలు గలవు. మొదటి మెట్టునకు 200 గంటలు, రెండవ మెట్టునకు 400 గంటలు ప్రమాణము. ఇచట అభ్యర్థి పాఠశాలలో కూర్చున్న గంటలు మాత్రమే లెక్క గాదు. పరీక్షకుని యెదుట వ్రాసి, చేసి చూపవలెను. విదేశమున చదివి తిరిగివచ్చినవాడు సైతము మన దేశమున ప్రభుత్వసంబంధమైన కొలువు గోరినచో ఈ పరీక్షయో, విశ్వవిద్యాలయపు పట్టమో అడుగుదురు. ఈ సంగతి బయలుదేరుటకు ముందే తెలిసియుండుట మేలు.

ఇక గంటల లెక్క చూతము. ఇరువదియెనిమిది దినములలో వారమున కొక దినము విశ్రాంతి తీసివేసిన మిగులునవి 24 దినములు. రెండువందల గంటలను వానికి పంచిన దినమునకు ఎనిమిది గంటల ఇరువది నిమిషములు. ఇది కఠినమే యైనను సాధ్యము. కొన్ని ప్రకటనలలో ఇరువదియొక్క దినములని యుండును. మూడు దినములు విశ్రాంతి పోగా 18 దినములు. దినమునకు పదునొకండు గంటలకు పైమాట. దేహమును అన్ని గంటలు వంచి, మిగిలిన వేళ శరీరశాస్త్రము చదివి, రాత్రి పాఠము వల్లించువా డెవడు? అచట గంటలు కాగితముమీద నడచును. ఇంకొక లెక్క. నలువదిమంది విద్యార్థులున్న తరగతిలో ఒక్కొక్కడు ముప్పావుగంట పాఠము చెప్పి గురువుచేత తప్పులు దిద్దించుకొనవలె నన్నను ముప్పది గంటలు పట్టును. ఉపాధ్యాయ శిక్షణకు ప్రాణము అదియే. కావున 'ఒక గురువునకు విద్యార్థు లెందరు? నేను స్వయముగా ఎన్ని గంటలు పాఠము చెప్పెదను? నా పాఠమును ఎవరు విని దిద్దుదురు?' అని ముందుగా వ్రాసి యడుగుడు. జవాబు వ్రాతమూలకముగా రానిచో జవాబు వచ్చినట్లే.

శరీరశాస్త్ర పాఠమును గూర్చి ఒక మాట. యోగా అలయన్స్ ప్రమాణములలో దీనికి ముప్పది గంటలు కేటాయింపబడినవి. ఇది అలంకారము గాదు. శీర్షాసనమున కంటిలోని ఒత్తిడి మిక్కిలి పెరుగును. గ్లకోమా రోగి నట్లు నిలిపిన గురువు వాని చూపునకు చేటు తెచ్చును. శీర్షాసనాదులందు కలిగిన గాయములు వైద్యపత్రికలలో ప్రకటింపబడియున్నవి. రేపు మీ యెదుట చాపమీద కూర్చుండువారిలో గుండెజబ్బు గలవారు, గర్భవతులు, వెన్నుపూస యరిగిన వృద్ధులు నుందురు. ఎవరికి ఏది నేర్పరాదో తెలియని వానికి ఎవరికి ఏది నేర్పవలెనో తెలియదు. ఈ పాఠమును వైద్యవిద్య నెరిగినవారు చెప్పుదురా లేదా యని అడుగుట మీ హక్కు.

ఇక చెప్పుటకు కష్టమైన విషయమునకు వచ్చితిని. మన దేశీయుడు, కాషాయధారి, గురువు అనగానే మన కన్నులు మూసికొనుట వాడుక. కలకత్తాలో పుట్టి అమెరికాలో వేడిగదుల యోగముచే కోట్లు గడించిన బిక్రమ్ చౌదరి తొమ్మిది వారముల ఉపాధ్యాయ శిక్షణలు నడపెను; వందలకొలది శిష్యులు చేరిరి. అతనిమీద పలువురు స్త్రీలు అత్యాచారారోపణలు చేసిరి. అతని సంస్థకు న్యాయసలహాదారుగా నుండిన మహిళయే తన్ను లైంగికముగా వేధించెనని దావా వేయగా, 2016 జనవరిలో లాసేంజిలిసు జ్యూరీ ఆమె పక్షమున లక్షలాది డాలర్ల పరిహారము తీర్మానించెను. అతడు ఆ దేశము విడిచిపోగా 2017లో అరెస్టు వారంటు వెలువడెను. ఆస్ట్రేలియాలో మాంగ్రోవ్ మౌంటెన్ అనుచోట భారతీయ సంప్రదాయపు ఆశ్రమమున 1970, 80 దశకములలో పిల్లలమీద జరిగిన దురాగతములను 2014లో ఆ దేశపు రాయల్ కమిషన్ బహిరంగముగా విచారించినది. ఈ పేళ్లు మన పేళ్లే. ఈ సంప్రదాయములు మనవే. దేశాభిమానము పేర వీనిని దాచినచో, రేపు మన యాడబిడ్డ ఒంటరిగా దూరదీవిలో నున్నప్పుడు ఆమెకు మన యభిమాన మేమియు అక్కరకు రాదు. తాకి దిద్దుటకు ముందు అనుమతి యడుగు నియమము గలదా? ఫిర్యాదు వినుటకు గురువుగాక వేరొకరు గలరా? స్త్రీలకు ప్రత్యేక నివాసము గలదా? ఈ మూడింటికి సూటి జవాబు చెప్పని ఆశ్రమము ఎంత పవిత్రముగా కనుపించినను గడప తొక్కకుడు.

అదే బిక్రమ్ ఇంకొక పాఠము నేర్పినాడు. ఇరువదియారు ఆసనములను తాను కూర్చిన వరుస తన సొంత మనియు, ఇతరులు నేర్పరాదనియు అతడు కాపీరైటు దావా నడపెను. 2015 అక్టోబరులో అమెరికా అప్పీలు న్యాయస్థానము ఆసనముల వరుస ఒక పద్ధతియే గాని కాపీరైటునకు లోబడునది గాదని తీర్పు చెప్పినది. మన ప్రభుత్వమును సంప్రదాయ విజ్ఞాన భాండారమున యోగాసనములను నమోదు చేయించి పేటెంటు కార్యాలయముల యెదుట నుంచినది. అయినను కొన్ని శిక్షణాలయములు విద్యార్థులచే 'ఈ పద్ధతిని మా యనుమతి లేక నేర్పను, ఫలానా దూరములో వేరు పాఠశాల పెట్టను' అని వ్రాయించుకొనును. మన కాంట్రాక్టు చట్టము 1872 నాటిది. అందలి 27వ సెక్షను జీవనోపాధిని నిర్బంధించు నొడంబడికలను సామాన్యముగా చెల్లనివిగా జేయును. కాని మీరు సంతకము చేసిన కాగితము వేరొక దేశపు చట్టమునకు లోబడిన దైనచో ఆ రక్షణ మీకు దొరకకపోవచ్చును. కాబట్టి సంతకమునకు ముందు చివరి పుట చదువుడు. 'వివాదములు ఫలానా దేశపు న్యాయస్థానమున' అను పంక్తి అచటనే దాగియుండును.

ఇటీవల రాజోలు ప్రాంతపు యువతి యొకతె అట్టి కాగితము నొకటి నా బల్లపై నుంచినది. తల్లి గాజులు అప్పటికే తాకట్టున నున్నవి. సొమ్ము ఇంకను పంపలేదు. కాగితమున నున్న వేమి? ఫీజు ఏ పరిస్థితిలోను తిరిగి యీయబడదు. శిక్షణాకాలమున పాస్‌పోర్టు కార్యాలయమున నుంచవలెను. ప్రకటించిన గురువునకు బదులు వేరొకరు బోధింపవచ్చును. కాగితమున లేనిది ఒకటి గలదు. శిక్షణ ముగియగానే అచటనే ఉద్యోగ మని ఏజెంటు నోటిమాటగా చెప్పినాడు. ఆ మాట ఒక్క పంక్తిలోనైన లేదు. నేను, 'అమ్మా, పాస్‌పోర్టు నీ సొత్తు సైతము గాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము 17వ సెక్షను ప్రకారము అది కేంద్రప్రభుత్వపు సొత్తు. దానిని పట్టియుంచుకొను హక్కు ఏ పాఠశాలకును లేదు. నీవు పోవునది విద్యకా, ఉద్యోగమునకా, అది వ్రాసి యిమ్మని అడుగుము' అంటిని. ఆమె అడిగినది. విద్యకే యని ఏజెంటు జవాబు. ఉద్యోగపు మాట యేమాయె నన్న ప్రశ్నకు నేటివరకు ఉత్తరము లేదు. గాజులు తిరిగి తల్లి చేతికి వచ్చినవి. బిడ్డ మాత్రము నిరాశతో నున్నది. ఆ నిరాశను నేను తేలికగా చూడను. లోకము చూడవలెనను కోరిక తప్పు గాదు గదా.

ఈ విద్య, ఉద్యోగము అను భేదమునందే చట్టపు కిటుకు గలదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము విదేశోద్యోగములకు మనుష్యులను పంపువాడు ప్రభుత్వమునొద్ద నమోదై యుండవలెను. అతడు పుచ్చుకొను రుసుమునకు సైతము 30,000 రూపాయలు, దానిపై పన్ను అని హద్దు గలదు. కువైటుకును, మస్కట్టుకును పోయివచ్చిన కుటుంబములు మన గ్రామములందు కొల్లలు గనుక ఈ మాట కొందరికి తెలిసినదే. శిక్షణ పేరు పెట్టినచో ఈ చట్టము కంటికి చిక్కకుండ తప్పించుకొనవచ్చునని కొందరి యెత్తు. సందర్శక వీసాపై పోయి ఒక్క దినము జీతమునకు నేర్పినను అది నేరము. పట్టుబడువాడు ఏజెంటు గాదు, మన బిడ్డ. చైనా, వియత్నాము దేశముల యోగశాలలలో భారతీయ గురువులు పెక్కుమంది గలరు, నిజమే. కాని చైనాలో ఉద్యోగానుమతికి సాధారణముగా పట్టభద్రతయు రెండేండ్ల యనుభవమును అడుగుదురు. ఒక నెల సర్టిఫికెట్ ఆ తలుపు తెరువదు. అమెరికాలో భర్త ఉద్యోగమునుబట్టి నివసించు మన తెలుగు ఆడపడుచులు శిక్షణ పొందవచ్చును. కాని ప్రత్యేకమైన ఉద్యోగానుమతి లేనిదే రుసుము పుచ్చుకొని నేర్పరాదు. విదేశీయులు మాత్రము స్వల్పకాలిక యోగశిక్షణకై మన దేశమునకు ఈ-టూరిస్టు వీసాపై రావచ్చునని మన ప్రభుత్వము స్పష్టముగా నియమము చేసినది. ప్రతి దేశమును అంత స్పష్టముగా చెప్పదు. పోవు దేశపు రాయబార కార్యాలయపు ప్రకటననే చదువవలెను. ఏజెంటు ఫోనులో చూపు చిత్రము చాలదు.

మోసము జరిగినచో దారి లేదా? గలదు. సొమ్ము పుచ్చుకొన్న ఏజెంటు మన దేశమున నున్నచో 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము మీరు నివసించు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. అతని యూరికి పోనక్కరలేదు. కాని రసీదు కావలెను. చేతిసొమ్ము ఇచ్చి రసీదు పుచ్చుకొననివాడు న్యాయవాది యొద్దకు వచ్చి కన్నీరు పెట్టిన, న్యాయవాది చేయగలిగినది స్వల్పము.

అయితే ఎవ్వరును పోరాదా యని మీరడుగవచ్చును. అట్లనుట నా యభిమతము గాదు. పరదేశమున స్థిరపడి అచటి ప్రజలకు వారి భాషలో నేర్పదలచినవారికి అచటి శిక్షణ ఉపయోగించును. అచటివారి దేహస్థితి, అలవాట్లు, చట్టములు, బీమాపద్ధతులు అచటనే చక్కగా తెలియును. పలు దేశముల సహాధ్యాయులతో నెలదినము లొకే పంక్తిని భుజించుటయు ఒక విద్యయే. నేను కోరునది వరుస. మొదట ఇచటనే ఒక యేడు క్రమముగా అభ్యాసము చేయుడు; యోగము మనకు ప్రియమా, విదేశయానము ప్రియమా యన్నది ఆ యేటిలో తేలిపోవును. పిదప మన దేశపు పరీక్ష నొకదానిని ముగింపుడు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమున యోగవిద్య గలదు. లోనావళా, ముంగేరు, బెంగుళూరు సంస్థలు గలవు. ఢిల్లీలో 1998లో ఏర్పడిన మొరార్జీ దేశాయి జాతీయ యోగసంస్థ గలదు. ఆ తరువాత విదేశమునకు బోవువాడు అచట శిష్యుడై యుండియు తూకమెరిగినవాడై యుండును.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూను 21వ తేదీని యోగదినముగా నిర్ణయించినప్పుడు 177 దేశములు ఆ తీర్మానమును బలపరచినవి. 2025 జూను 21న విశాఖ సముద్రతీరమున లక్షలాది ప్రజలు చాపలు పరచిన దృశ్యమును మనమందరమును చూచితిమి. ఉత్సవము గొప్పదే. కాని ఆ మరునాడు మన పట్టణమున ఒక బాలిక 'నేను ఈ విద్య నేర్చి బ్రతుకదలచితిని, ఎక్కడికి పోవలె?' అని యడిగిన, చెప్పువా డెవడు? ఏజెంటు ఒక్కడే సిద్ధముగా నున్నాడు. ఆ స్థానమున మనముండవలెను.

అందుకై ఈ పఠనమందిర నిర్వాహకులకు నాదొక మనవి. ఇచట నొక పుస్తకము తెరువుడు. విదేశమున శిక్షణ పొంది వచ్చిన మన ప్రాంతీయుల యనుభవములు, మంచివైనను చెడ్డవైనను, అందు వ్రాయింపుడు. ఎవరైన ఒడంబడిక తెచ్చినచో దానిని తెలుగున చదివి వినిపించుటకు నేనును, నా సహవృత్తులు కొందరును ఆదివారము ఉదయములందు ఈ బల్లయొద్దనే రుసుము లేక కూర్చుండెదము. కొత్తపేటలోను, రాజోలులోను గల పఠనమందిరములవారు ఇట్లే చేసినచో మరియు మేలు. తోట కుదువబెట్టుటకు ముందు మాయొద్దకు రండు. కుదువబెట్టిన తరువాత వచ్చినను వినెదము. కాని అప్పుడు మా చేతిలో మిగిలియుండునది దావా మాత్రమే.